లాన్ తడిపితే రూ.5 వేలు!
ఇంటిముందు పచ్చని లాన్ ఉంటే ఆ అందమే వేరు. కానీ దాన్ని తడిపినందుకు జరిమానా కట్టాల్సివస్తే..! 2024 మార్చిలో బెంగళూరువాసులకు ఆ పరిస్థితే వచ్చింది. బోర్లు ఎండిపోయి జనం ట్యాంకర్ల కోసం పడిగాపులు కాస్తుంటే, తోటలకీ కార్లు కడగడానికీ తాగునీరు వాడొద్దని అక్కడి జలమండలి ఆదేశించింది. కాదంటే రూ.5 వేలు జరిమానా. మళ్లీ అదే తప్పు చేస్తే రోజుకి మరో రూ.500. మరి, దాదాపు 100 కిలోమీటర్ల నుంచి ఎత్తిపోసి తెచ్చే కావేరి నీళ్లాయె! గడ్డికే పోసేస్తే పక్కింటి బిందె నిండేదెలా? అలాగని మొక్కల్ని ఎండబెట్టక్కర్లేదు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లని బకెట్లో పట్టి, ఎండెక్కకముందే మొదళ్లలో పోస్తే సరి. పైపు పక్కనపెట్టి మగ్గు అందుకుంటే, ఎన్ని నీళ్లు పోస్తున్నామో మనకే తెలుస్తుంది!