కొమ్మల అణువు, సుబ్బారావు మందు

అఖండ గోదావరి ధవళేశ్వరం దాటాక గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. 1847లో ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని మొదలుపెట్టించింది ఇక్కడే. 1852కల్లా అది పూర్తయింది. ధవళేశ్వరం నుంచి తూర్పు డెల్టాకు, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టాకు, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టాకు కాలువలు బయల్దేరతాయి. అవి చీలి, మళ్లీ చీలి, శివారు చేలదాకా పోతాయి. మొదట్లో ఒక పెద్ద కాలువ, చివర్లో లెక్కలేనన్ని బోదెలు.

అణువును కూడా ఇలా చీలికల మీద చీలికలుగా కట్టవచ్చని తేలడానికి మరో నూటపాతికేళ్లు పట్టింది. 1978లో జర్మనీలో ఫ్రిట్స్ ఫోగ్ట్‌లే అలాంటి చిన్న అణువులు తయారుచేశాడు. ఆ తర్వాత అమెరికాలో డౌ కెమికల్ కంపెనీ శాస్త్రవేత్త డొనాల్డ్ టొమాలియా వాటిని పెద్దవి చేసి, 1985లో ఆ పని వివరాలు ప్రచురించాడు. వాటికి డెండ్రిమర్లని పేరు.

మామూలు పాలిమర్ పొడుగాటి గొలుసు. ఒక గొలుసు పొట్టిగా, ఇంకొకటి పొడుగ్గా వస్తుంది, ఏదీ మన చేతిలో ఉండదు. టొమాలియా పద్ధతి వేరు. ఎథిలీన్‌డైఅమైన్ అనే బుల్లి అణువును నడుమ పెడతారు. దానికి మిథైల్ అక్రిలేట్ తగిలిస్తారు, ఆ కొసలకు మళ్లీ ఎథిలీన్‌డైఅమైన్. ఈ రెండంచెల పని ఒక విడత పూర్తయ్యేసరికి 4 కొసలు వస్తాయి. అక్కణ్ణుంచి ప్రతి విడతకూ రెట్టింపు: 8, 16, 32, 64, 128. కాగితం మీద లెక్క ఇది. కొసలు కిక్కిరిసేకొద్దీ కొన్ని కొమ్మలు చీలకుండానే ఉండిపోతాయి. 128 కొసల బంతి అడ్డుకొలత సుమారు 5 నానోమీటర్లు, అంటే ఇంచుమించు మన రక్తంలోని హిమోగ్లోబిన్ అంత.

కాలువతో పోలిక ఇక్కడితో ఆపాలి. ఈ కొమ్మల్లో ఏదీ పారదు. మందును కొసలకు కట్టి పంపుతారు. పైగా ఉత్త అమైన్ కొసలకు ధనావేశం ఉంటుంది, అది కణాల పొరలకు చిల్లులు పొడుస్తుంది. అందుకని చాలా కొసలకు ఎసిటైల్ గుంపులతో మూత వేసి, మిగిలిన కొద్ది కొసలకే మందూ, ఏ కణానికి చేరాలో చెప్పే చిరునామా తగిలిస్తారు.

ఆ చిరునామా కథలోకి మన డెల్టా మనిషి వస్తాడు. 1895లో భీమవరంలో పుట్టి, ధవళేశ్వరం పక్కనే ఉన్న రాజమండ్రిలో చదివి, మద్రాసు మీదుగా అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లమనే విటమిన్‌ను కృత్రిమంగా తయారుచేసింది. దాన్ని కాస్త మార్చితే కణాన్ని మోసగించే నకిలీ విటమిన్ అవుతుంది. అలా వచ్చిన అమైనాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకిచ్చాడు. 16 మందిలో 10 మందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించిందని 1948లో రాశాడు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు పోయాడు. అమైనాప్టెరిన్‌కు తోబుట్టువే మెథోట్రెక్సేట్.

చాలా క్యాన్సర్ కణాలు ఫోలిక్ ఆమ్లాన్ని పట్టుకునే గ్రాహకాలను ఒంటి నిండా మొలిపించుకుంటాయి. 1991లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ లో, క్రిస్టఫర్ లీమన్ ప్రొటీన్లకు ఫోలిక్ ఆమ్లం అతికించి చూశారు. విటమిన్‌తోపాటు ప్రొటీన్‌నూ కణం లోపలికి లాక్కుంది. ఇక మిషిగన్‌లో జేమ్స్ బేకర్ బృందం కాగితం మీద 128 కొసలుండే అయిదో తరం డెండ్రిమర్‌కు ఫోలిక్ ఆమ్లాన్నీ మెథోట్రెక్సేట్‌నూ కట్టి, 2005లో ఎలుకల మీద ఫలితాలు ప్రకటించింది. ఉత్త మందు కన్నా కణితి మీద బాగా పనిచేసింది, విషప్రభావం బాగా తగ్గింది. దారి చూపే విటమినూ, చంపే మందూ రెండూ సుబ్బారావు ప్రయోగశాల సరుకే. మన పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతి ఒక పేరాకైనా నోచుకోవాల్సింది.

అయినా అది మందుల షాపుకు రాలేదు. బంతి ఎంత పద్ధతిగా కట్టినా, దానికి మందు అతికించడం మాత్రం గాలివాటమే. సగటున అయిదు అన్నచోట ఒక బంతికి రెండు, ఇంకోదానికి పది అతుక్కుంటాయి. ఏ రెండు తయారీలూ ఒక్కలా ఉండవు. ఇంతకన్నా మోటు పద్ధతి రోగి దాకా చేరింది: రెండు కొమ్మల పాలిఇథిలీన్ గ్లైకాల్‌ను ఇంటర్‌ఫెరాన్ ప్రొటీన్‌కు తగిలించిన పెగాసిస్. దాంతో కామెర్ల వైరస్ రోగులకు వారానికి మూడు ఇంజెక్షన్ల బదులు ఒక్కటి సరిపోయింది. నా దృష్టిలో ఈ రంగంలో అందం కన్నా ఒక్కలా చేయగలగడమే గెలిచింది.

మెథోట్రెక్సేట్ ఇవాళ కీళ్లవాతానికి మామూలు మాత్రగా దొరుకుతోంది. చిరునామా లేని మందు కాబట్టి ఒళ్లంతా తిరుగుతుంది. అందుకే దాన్ని వారానికి ఒక్కసారే రాస్తారు, తోడుగా ఫోలిక్ ఆమ్లం మాత్రలిస్తారు. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. మీ ఇంట్లో ఎవరైనా వాడుతుంటే, వారంలో ఏ రోజు వేసుకోవాలో మాత్రల అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.