యంత్రపు గిడ్డంగి ఆగిన గంట

చైతన్యపురిలో ఒక గృహిణి రాత్రి భోజనములైన పిదప సెల్‌ఫోనులో కుక్కరు నొకదానిని కొనును. అది మరునాటికో, ఆ మరునాటికో గుమ్మము చేరును. నడుమ ఏమి జరిగినదను ప్రశ్న, ఆలస్యమైననాడు గాని పుట్టదు.

హైదరాబాదుకు దక్షిణమున కొత్తూరులో 2015లో అమెజాన్ సంస్థ పెద్ద గిడ్డంగి నొకదానిని తెరచినది. ఇట్టివి నేడు నగరము చుట్టును పెక్కు గలవు. లోకములోని కొన్ని గిడ్డంగులలో మనిషి సరకున్న అరల యొద్దకు నడువడు. అరలే మనిషి యొద్దకు వచ్చును. బల్లపరుపుగా నుండు చిన్న బండి అరల క్రిందికి దూరి, వాటిని పైకెత్తి, నేలమీది గుర్తులను చదువుకొనుచు కదలును. ఈ పద్ధతికి పేరుగాంచిన కీవా అను అమెరికా సంస్థను 2012లో అమెజానే కొనివేసినది. మన దేశమున 2011లో పుట్టిన గ్రేఆరెంజ్ సంస్థ కూడ ఇట్టి బండ్లను తయారుచేసినది.

యంత్రములను అమ్ముటతో అమ్మకందారు పని ముగియదు. కొన్న గిడ్డంగి పేర ఒక సేవా ఖాతా, దానిని చూచుకొను ఉద్యోగి ఉండవలెను. ఆ ఉద్యోగము చేయువానికి మంచి మాటకన్న ముందు చిన్న లెక్క తెలియవలెను.

ఒక యంత్రము సగటున 99 గంటలు పనిచేసి చెడుననియు, బాగుచేయుటకు 1 గంట పట్టుననియు అనుకొందము. అనగా నూటికి 99 పాళ్లు అది పనిచేయును. ఇది బాగుగనే యున్నది. కాని బార్‌కోడు చదువు పరికరము, బండ్లు, సరకును మోయు బెల్టు, ఊరివారీగా వేరుపరచు యంత్రము, అన్నింటిని నడుపు కంప్యూటరు, ఈ ఐదును గొలుసులోని లంకెలవలె నున్నచో, ఏ ఒక్కటి ఆగినను పని నిలుచును. ఐదు 99 శాతములను హెచ్చవేసిన సుమారు 95 శాతమే వచ్చును. రేయింబవళ్లు నడచు గిడ్డంగి సగటున రోజుకు 70 నిమిషములకు పైగా ఆగియుండునన్నమాట!

విడిభాగము దూరపు ఊరినుండి రావలసివచ్చి, మరమ్మతునకు 4 గంటలు పట్టినచో? ఒక్కొక్క యంత్రము 96 శాతమునకు, మొత్తము గొలుసు 82 శాతమునకు దిగును. రోజుకు 4 గంటలకు పైగా నష్టము. యంత్రములు మునుపటివే, మునుపటివలెనే చెడుచున్నవి. మారినది బాగుచేయు కాలమొక్కటే. అందుచేత నేర్పరియైన ఉద్యోగి ఏ మోటారు, ఏ సెన్సరు తరచు చెడుచున్నదో పట్టిక వ్రాసి, వాటిని గిడ్డంగిలోనే నిలువయుంచును.

ఒప్పందములోని శాతమును కూడ మెలకువతో చదువవలెను. గడియారము ఫిర్యాదు అందినప్పటినుండి తిరుగునా, మరమ్మతుదారు వచ్చినప్పటినుండియా? ముందుగా తెలిపి ఆపిన గంటలు లెక్కలో చేరునా? దసరా అమ్మకముల నాటి గంటయు, మామూలు అర్ధరాత్రి గంటయు సగటులో ఒక్కటే. గిడ్డంగిలో ఒక్కటి కావు. బెల్టు ఆగిన ఆ గంటలో పెట్టెలను చేతితో వేరుచేయు కూలీ, తరువాత ఆలస్యమైన సంచితో చైతన్యపురి సందులలో మోటారుసైకిలును త్వరపెట్టు కుర్రవాడు ఆ శాతములో కనబడరు.