గుర్రం ముక్కు... మనిషి చెయ్యి!

రోడ్డు డివైడర్ల మీద ఎర్రగా, తెల్లగా, గులాబీరంగులో విరగబూసే గన్నేరు తెలియనిదెవరికి? నీళ్లు పెద్దగా అక్కర్లేదు, పశువులు ముట్టవు. అందుకే జాతీయ రహదారుల మధ్యలో వరసగా నాటేస్తారు. ఆ మొక్కకి సంస్కృత నిఘంటువుల్లో ఇంకో పేరుంది... హయమారకం. అశ్వమారకం అని కూడా అంటారు. అంటే, గుర్రాన్ని చంపేది అని!

ఆ పేరు ఊరికే రాలేదు. గన్నేరులో ఆకు, పువ్వు, బెరడు, వేరు... ఏది తిన్నా విషమే. అందులోని ఒలియాండ్రిన్ అనే పదార్థం గుండె లయను దెబ్బతీస్తుంది. నాలుగైదు వందల కిలోల గుర్రాన్ని పడగొట్టడానికి కొన్ని పదుల ఆకులు చాలు.

చిత్రమేంటంటే, కడుపునిండిన గుర్రం పచ్చి గన్నేరు జోలికి సాధారణంగా వెళ్లదు. నోట్లో పెట్టుకుంటే చేదు మరి. ముప్పంతా కత్తెరతో వస్తుంది. ఎవరో కొమ్మలు కత్తిరించి పక్కన పడేస్తారు. రెండ్రోజులకి అవి ఎండుతాయి. ఎండాక చేదు అంతగా తెలియదు, విషం మాత్రం ఎక్కడికీ పోదు. ఆ ఆకులే గడ్డిలో కలిసి గుర్రం ముందుకొస్తే, దానికి ఏరుకునే అవకాశం ఏదీ? గుర్రాలూ మొక్కల కథలో చాలా విషాదాలు ఇలాగే మొదలవుతాయి.

కక్కలేదు పాపం!

ఆవూ గేదే హడావుడిగా మేసేసి, ఆనక నీడన కూర్చుని తీరిగ్గా నెమరేస్తాయి. వాటి పొట్టలో నాలుగు గదులు. మొదటి గదిలోనే కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. మేతతోపాటు వచ్చిన కొన్ని విషాలను అవి అక్కడే విరగ్గొట్టేస్తాయి. గుర్రానికి ఆ సౌకర్యం లేదు. దానిది ఒంటిగది పొట్ట, అదీ చిన్నదే. పది పదిహేను లీటర్లకు మించి పట్టదు. గడ్డిని పులియబెట్టి అరిగించే పనంతా వెనకాల పెద్దపేగుల దగ్గర జరుగుతుంది. మేత అక్కడికి చేరేలోపే అందులోని విషం చిన్నపేగుల్లోంచి రక్తంలో కలిసిపోవచ్చు.

పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. ఆహారనాళం పొట్టలోకి తెరుచుకునేచోట ఉండే కండరం ఎంత గట్టిదంటే, లోపలికి పోవడమే తప్ప వెనక్కి రావడం ఉండదు. కుక్కకి తిన్నది పడకపోతే కక్కేసి ఊరుకుంటుంది. గుర్రానికి ఆ దారి మూసుకుపోయింది. లోపల గ్యాస్ పెరిగితే పొట్ట పగిలిపోవచ్చేమో కానీ వాంతి మాత్రం అవదు. అందుకే గుర్రానికి కడుపునొప్పి అంటే చాలు, పెంచేవాళ్లకు ఆ రాత్రి నిద్ర ఉండదు.

మరి దానికున్న రక్షణ ఏంటీ అంటే... ముక్కూ, పెదవులూ, జ్ఞాపకం. గుర్రం పై పెదవి వేలితో సమానం. గడ్డిలోంచి నచ్చనిదాన్ని తప్పించి పక్కపరకను పట్టుకోగలదు. దాణాలో మందుపొడి కలిపిపెడితే గింజలు తినేసి పొడిని తొట్టి అడుగున వదిలేసే ఘనులూ ఉంటాయి. పిల్ల తల్లి వెంట తిరుగుతూ, అది మేసిందే మేస్తూ నేర్చుకుంటుంది. స్వేచ్ఛగా తిరిగే గుర్రం రోజులో పదిహేను గంటలకు పైగా మేస్తూనే ఉంటుంది కాబట్టి చదువుకు కావాల్సినంత టైమూ ఉంటుంది.

తోక వెంట్రుక చెప్పింది

ఎవరూ మచ్చిక చేయని అడవి గుర్రం అంటే ఇవాళ ముందుగా చెప్పుకునేది మంగోలియా వాళ్లు 'తఖీ' అని పిలుచుకునే ప్రజెవాల్‌స్కీ గుర్రాన్నే. 1960ల చివరికల్లా ఇది అడవుల్లో పూర్తిగా కనుమరుగైంది. జంతు ప్రదర్శనశాలల్లో మిగిలినవాటి సంతతిని తెచ్చి 1992 నుంచి మంగోలియాలో మళ్లీ వదిలారు. మరి వాటి తాతముత్తాతలు ఏం తినేవో ఎలా తెలుస్తుంది? తోకను అడిగారు శాస్త్రవేత్తలు! వెంట్రుక పెరిగేకొద్దీ ఆయా నెలల్లో తిన్న మేత తాలూకు రసాయన గుర్తులు అందులో ఉండిపోతాయి. మ్యూజియంలలో భద్రపరిచిన పాత తఖీల తోక వెంట్రుకలనూ, ఇప్పటివాటినీ పోల్చిచూసి ఆ వివరాలను 2017లో ప్రచురించారు. పాతవి వేసవిలో గడ్డి మేసి, చలికాలంలో పొదలు కూడా నమిలేవి. ఇప్పటివి ఏడాది పొడవునా గడ్డే తింటున్నాయి. అప్పట్లో జనం వేటాడి, మంచి పచ్చిక ఉన్న చోట్ల నుంచి తరిమేసేవాళ్లు కాబట్టి పొదలతో సరిపెట్టుకుని ఉంటాయన్నది పరిశోధకుల మాట. ఇప్పుడు తరిమేవాళ్లు లేరు, కాబట్టి ఇష్టమైందే తింటున్నాయి.

పందులు చేసే సాయం

ఇంగ్లండ్‌కి దక్షిణాన 'న్యూ ఫారెస్ట్' ఉంది. పేరుకే కొత్తది, వయసు తొమ్మిది వందల ఏళ్లు దాటింది. 11వ శతాబ్దంలో విలియం రాజు తన వేట కోసం ప్రత్యేకించుకున్న అడవి అది. అందులో కొన్ని వేల పోనీలు... అంటే పొట్టి గుర్రాలు... ఇష్టారాజ్యంగా తిరుగుతుంటాయి. చూడ్డానికి అడవి గుర్రాల్లా ఉన్నా ప్రతిదానికీ ఓ యజమాని ఉంటాడు. మన ఊరి బంజరులో పశువుల్ని తోలుకున్నట్టే, అక్కడి వాళ్లకు అడవిలో గుర్రాలను మేపుకునే హక్కు తరతరాలుగా వస్తోంది.

చలికాలంలో పచ్చిక తగ్గిపోతే ఈ పోనీలు గోర్స్ అనే ముళ్లపొద మీద పడతాయి. ఒళ్లంతా సూదులుండే పొద అది. పెదవులు వెనక్కి లాక్కుని పళ్లతో ఒడుపుగా కొరుకుతాయి. కొన్నయితే ముందు గిట్టలతో తొక్కి ముళ్లు అణిచేసి మరీ తింటాయి. కొన్నింటికి పై పెదవి మీద మీసం కూడా ఉంటుంది. ముళ్లు గుచ్చుకోకుండా మొలిచిందని స్థానికులు చెబుతారు. నిజమో కాదో కానీ, మీసమున్న గుర్రం చూడ్డానికి భలే ఉంటుంది.

ఇంత తెలివైన జీవి కూడా ఓ చోట బోల్తాపడుతుంది. ఆకురాలే కాలంలో ఓక్ చెట్ల కాయలు కుప్పలుగా రాలతాయి. ఒకటీ అరా తింటే ఏమీ కాదు. కానీ కొన్ని పోనీలు వాటి రుచి మరిగి వాటికోసమే వెతుక్కుంటూ తిరుగుతాయి. మోతాదు మించితే ఆ కాయల్లోని టానిన్లు పేగుల్నీ మూత్రపిండాల్నీ పాడుచేస్తాయి. దీనికి ఆ ఊళ్లవాళ్ల మందు... పందులు! ఏటా ఆ సీజన్లో కనీసం 60 రోజులు తమ పందుల్ని అడవిలోకి వదులుతారు. గుర్రానికి విషమైన కాయ పందికి విందుభోజనం. నేలను కుళ్లగించకుండా వాటి ముక్కుకి రింగు తొడుగుతారు. కాయలు విరగ్గాసిన ఏడాది గడువు పెంచుతారు. అయినా అలాంటి ఏడాది కొన్ని పోనీల ప్రాణం పోతూనే ఉంటుంది.

పందులు తీర్చలేని బెంగ మరోటి ఉంది. ఇళ్ల ముందు లాన్ కోసినవాళ్లు ఆ గడ్డిని తెచ్చి అడవి అంచున కుమ్మరిస్తారు. గుర్రాలు తింటాయిలే అన్న మంచి ఉద్దేశంతోనే! తడిసి ముద్దయిన ఆ తుక్కును గుర్రం సరిగ్గా నమలకుండానే మింగేస్తుంది. లోపలికెళ్లి పులిసి, గ్యాస్ నిండి, కడుపు ఉబ్బిపోతుంది. ఆ చెత్తలోనే యూ అనే కంచెచెట్టు కొమ్మలుంటే ఇక చెప్పక్కర్లేదు. అది ఆ దేశపు గన్నేరు. తిన్న కాసేపటికే గుండె ఆగిపోవచ్చు. ఇక క్యారెట్లూ బ్రెడ్డూ పట్టుకొచ్చే సందర్శకుల సంగతి సరేసరి. చివరికి 2023లో అక్కడి స్థానిక కౌన్సిల్ ఈ పోనీలకు తిండి పెట్టడాన్నే నిషేధించింది.

పసుపుపచ్చ పూలుండే రాగ్‌వర్ట్ మొక్కదీ గన్నేరు బాపతే. పచ్చిగా ఉంటే చేదని గుర్రం తప్పించుకుపోతుంది. కోతలో పడి ఎండుగడ్డి మోపులోకి చేరితే గడ్డితోపాటే తినేస్తుంది. పైగా ఇది వెంటనే బయటపడదు. కొంచెం కొంచెంగా కాలేయాన్ని తినేస్తుంది. గుర్రం చిక్కిపోయి, తూలుతూ గోడకి తల ఆనించే సరికి చేయడానికేమీ ఉండదు. దీన్ని అదుపు చేయడానికి బ్రిటన్ 2003లో ప్రత్యేకంగా ఓ చట్టమే తెచ్చింది.

కట్టేసిన గుర్రం

మన దగ్గర గుర్రాలంటే పెళ్లి ఊరేగింపులూ, బీచ్‌లో సవారీలూ, విశాఖ మన్యంలో కొండమీది ఊళ్లకు సరుకులు మోసేవీ. వీటిలో మన్యం గుర్రమే నయం. మెడలో తాడు లేనంతసేపూ నచ్చిన గరిక ఏరుకుంటుంది. ఊళ్లో గుర్రం ఎదుట ఏం పడితే అదే మేత. ఆకలేస్తే ముక్కు చెప్పే మాట కూడా వినదు. అలాంటిచోట కత్తిరించిన గన్నేరు కొమ్మ ఒక్కటీ కనిపించకూడదు. పచ్చగన్నేరూ అంతే. ఆముదం గింజలైతే మరీ ప్రమాదం. పశువులన్నింటిలో ఆ విషాన్ని ఏమాత్రం తట్టుకోలేనిది గుర్రమే. పొలాల్లో ఎరువుగా చల్లే ఆముదం పిండి బస్తా దానికి అందేచోట పెట్టడం మంచిది కాదు.

జొన్న సంగతి రైతులకు కొత్తగా చెప్పాలా? లేత జొన్నా, కోసిన మోళ్ల నుంచి లేచిన పిలకలూ తిని పశువులు పడిపోతే 'నాము తగిలింది' అంటారు. అది సైనైడ్ విషం. గుర్రానికి దెబ్బ మరోలా తగులుతుంది. పచ్చిజొన్న మీద వారాల తరబడి మేస్తే వెనక కాళ్లు పట్టు తప్పుతాయి, మూత్రం ఆగకుండా చుక్కలుగా కారుతుంది. అందుకే గుర్రానికి పచ్చిజొన్న వద్దంటారు పశువైద్యులు.

ఇక ఊరేగింపు గుర్రాన్ని ముద్దుచేస్తూ మిఠాయిలూ, అన్నం, దోసిళ్లకొద్దీ ధాన్యం పెడుతుంటారు. ఒక్కసారిగా గింజలు ఎక్కువైతే అరగని పిండి పదార్థం పెద్దపేగులోకి చేరి అక్కడి సూక్ష్మజీవుల లెక్క తప్పిస్తుంది. దాని ఫలితం కనిపించేది ఎక్కడో తెలుసా... గిట్టల్లో! లోపల వాపొచ్చి, అడుగు వేయడమే నరకమవుతుంది. 'గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు' అని మనం వెక్కిరింపుగా అంటాం కానీ, నిజానికి దానికి దాణా కంటే గడ్డే ఎక్కువ కావాలి.

దాణా పెట్టాల్సి వస్తే మన పెద్దవాళ్ల ఎంపిక ఉలవలు. ఇంగ్లిష్‌లో వాటి పేరే హార్స్ గ్రామ్. పచ్చివి సరిగ్గా అరగవని రాత్రంతా నానబెట్టి, మెత్తగా ఉడికించి గుగ్గిళ్లు చేసి, గడ్డితో కలిపి కొంచెం కొంచెంగా పెట్టేవారు. ఉడికిన నీళ్లు పారబోయడం ఎందుకని పొయ్యి మీద పెట్టి, చింతపండు పిండి చిక్కగా మరిగిస్తే అదే ఉలవచారు. గింజలు గుర్రానికీ ఎద్దుకీ, చారు మనకీ!