డేటేనా? ఉత్త చాయేనా?

పెళ్లిచూపులకి వెళ్లేవాళ్లకి ఒక సుఖం ఉంది. ప్లేట్లో స్వీటు, కారప్పూస రాకముందే అక్కడికి ఎందుకొచ్చారో అందరికీ తెలుసు. ఇక తేలాల్సింది నచ్చారా లేదా అన్నదే. మాకా సుఖం లేదు. మేమంటే గే, బైసెక్సువల్ అబ్బాయిలం. హైదరాబాద్‌లో ఇద్దరు మగాళ్లు రెండు గంటలు కూర్చుని ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు లాగించినా చూసేవాళ్లకి అది డేట్ కాదు. ఒక్కోసారి ఎదురుగా కూర్చున్నవాడికి కూడా కాదు!

యాప్‌లో మాట "హాయ్ బ్రో"తో మొదలవుతుంది. మూడో మెసేజ్‌కల్లా "ప్లేస్ ఉందా?" అని వస్తుంది. అంటే గది ఉందా అని. ఇద్దరికీ ఇష్టమైతే అందులో తప్పేం లేదు. ఎందుకు కలుస్తున్నారో ఇద్దరికీ తెలుసు కాబట్టి గొడవే లేదు. చిక్కంతా "ఆదివారం ఖాళీయేనా? ఎక్కడైనా కూర్చుని మాట్లాడుకుందాం" అనేవాడితోనే. ఇది డేటా, స్నేహమా, టైంపాసా?

మా ఫ్రెండ్స్‌ని అడిగితే తలా ఒక లెక్క చెప్పారు. బిల్లు ఒకడే కడితే డేట్ అన్నాడొకడు. మరి ఎవడు కట్టాలి? అబ్బాయి, అమ్మాయి అయితే సినిమాలు నేర్పించాయి. మాకెవరూ నేర్పలేదు. బైసెక్సువల్ ఫ్రెండ్ చెప్పింది మాత్రం మనసులో ఉండిపోయింది: "అమ్మాయితో కాఫీ తాగితే రూమ్మేట్స్ ఏడిపిస్తారు. అబ్బాయితో తాగితే ఎవడూ అడగడు. హాయిగానే ఉంటుంది, కానీ ఏదో బాధ."

ఆ హాయి నాకూ తెలుసు. నెక్లెస్ రోడ్డులో భుజమ్మీద చెయ్యేసుకుని నడిచినా ఎవరూ తిరిగి చూడరు. మెట్రోలో చుట్టాలు కనిపిస్తే "మా ఆఫీస్ ఫ్రెండ్" అంటే చాలు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు, ఇష్టపడి కలిసిన పెద్దవాళ్లకి సెక్షన్ 377 వర్తించదంది. 2023 అక్టోబర్ 17న మాత్రం మా పెళ్లిళ్లకు చట్టంలో గుర్తింపు ఇవ్వలేమంది. నేరమైతే కాదు, ఇంట్లో చెప్పుకోవడానికి పేరూ లేదు. అందుకే "ఫ్రెండ్" అన్న మాట వెనక దాక్కుంటాం. చివరికి ఒకళ్ల నుంచి ఒకళ్లం కూడా.

పోయినేడు ఒకబ్బాయిని వరసగా నాలుగు ఆదివారాలు కలిశాను. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి, ఒక సినిమా, రెండు బిర్యానీలు. నాలుగోసారి "ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు" అన్నాడు మామూలుగా. "మరి మనం?" అన్నాను. "మనమేంటి? ఫ్రెండ్సే కదా" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు. వాడిమీద కోపం రాలేదు. అవునంటే ఇంట్లో ఎంతమందికి జవాబు చెప్పాలో నాకూ తెలుసు.

అప్పట్నుంచి కలవకముందే ఒక మెసేజ్ పెడుతున్నాను: "నా వరకూ ఇది డేట్. నీకూ అంతేనా?" కొందరు చూసి ఊరుకుంటారు. కొందరు బ్లాక్ చేస్తారు. ఒకతను మాత్రం పావుగంట టైప్ చేసి చేసి "నన్నెవరూ ఇలా అడగలేదు. డేటే" అని పెట్టాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు.

నా లెక్కలో డేట్ అంటే అంతే. బిల్లు ఎవరు కట్టారు, తర్వాత గదికి వెళ్లారా లేదా అన్నది కాదు. ఇది డేట్ అని ఇద్దరికీ తెలియడం.

ఇంకో జాగ్రత్త. గదికి పిలిచి, వీడియో తీసి, డబ్బులు గుంజే ముఠాలు ఈ యాప్‌లలో ఉన్నాయి. మొదటిసారి జనం ఉన్నచోటే కలవండి. ఎక్కడికెళ్తున్నారో నమ్మకమైన ఒక్కరికైనా చెప్పండి.

ఇక ఆ ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి. డేట్ కాదంటారా? పర్లేదు, చాయ్ తాగి రావచ్చు. కనీసం ఇంటికొచ్చాక రాత్రంతా దాని అర్థం వెతుక్కునే పని తప్పుతుంది.