డిజిటల్ చలనచిత్ర ప్రదర్శనము : పరిభాష, ప్రమాణములు

కొత్త వస్తువు దేశమునకు వచ్చినపుడు భాష రెండు విధముల దానిని స్వీకరించును. పాతమాటనే కొత్త వస్తువునకు అమర్చుకొనుట యొకటి. వస్తువుతోపాటు వచ్చిన మాటను యథాతథముగ గ్రహించుట రెండవది. చలనచిత్ర ప్రదర్శనమున నేడీ రెండును కానవచ్చుచున్నవి. ఫిలిము పోయి డిజిటల్ పద్ధతి వచ్చినను, మార్కాపురము సీమలోని పుల్లలచెరువు మొదలు హైదరాబాదు వఱకు తెలుగు ప్రేక్షకునికి తెరపై పడునది ‘బొమ్మ’యే, లెక్కించునది మొదటి ఆట, రెండవ ఆటయే. కాని యా బొమ్మ యే కొలతలకు లోబడి పడవలెనో తెలుపు మాటలు మాత్రము వాడుకలో స్థిరపడలేదు. ఆ కొలతలను, వాని పేళ్లను విచారించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

2002 మార్చిలో అమెరికాలోని ప్రధాన చిత్రనిర్మాణ సంస్థలు ‘డిజిటల్ సినిమా ఇనీషియేటివ్స్’ అను సంఘముగా నేర్పడి, 2005 జూలైలో తమ ప్రమాణపత్రమును వెలువరించినవి. దీనినే సంగ్రహముగ డి.సి.ఐ. ప్రమాణమందురు. దీని ప్రకారము బొమ్మ 2కె, 4కె అని రెండు పరిమాణములు. ‘కె’ యనగా సుమారు వేయి. అడ్డుగా నుండు బిందువుల సంఖ్యను బట్టి యీ పేరు. 2కె బొమ్మ 2048 బిందువుల వెడల్పు, 1080 బిందువుల యెత్తు. 4కె బొమ్మ 4096, 2160. పేరున రెట్టింపే యైనను మొత్తము బిందువులు 22,11,840 నుండి 88,47,360కి, అనగా నాలుగింతలకు పెరుగుచున్నవి. పేరు కొలతను తెలుపుటయే కాక కొంత మఱుగుపఱచుటయు కలదనుట కిది నిదర్శనము.

ఇంత సమాచారమును యథాతథముగ నడపుట కష్టము. 2కె బొమ్మలో ప్రతి బిందువునకు మూడు వర్ణాంశములు, ఒక్కొక్కదానికి 12 బిట్లు, క్షణమునకు 24 బొమ్మలు అని లెక్కించినచో, క్షణమునకు సుమారు 191 కోట్ల బిట్లగును. ప్రమాణము క్షణమునకు 25 కోట్ల బిట్లకు మించరాదన్నది. కావున బొమ్మను జెపెగ్ 2000 అను పద్ధతిచే ఎనిమిదవ వంతునకు కుదింపవలసియున్నది. దీనికి ‘కుదింపు’ అను తేటమాటయే చాలును.

పాతమాటలు నిలిచిన తీరు మఱింత ఆసక్తికరము. ‘రీలు’ ఒకప్పుడు వస్తువును, కొలతయు. 1000 అడుగుల 35 మిల్లీమీటర్ల ఫిలిము సుమారు 11 నిమిషములు నడచెడిది. డిజిటల్ చిత్రమున చుట్టవలసిన దేమియు లేకపోయినను, ప్రదర్శనక్రమమును తెలుపు పట్టికలోని భాగములను ప్రమాణకర్తలును రీళ్లనియే పిలిచిరి. ‘వెండితెర’ యనునది లోహపుపూత గల తెరలకు వచ్చిన పేరు. తెల్లని తెరలు వచ్చినను పేరు పోలేదు. ధ్రువీకృత కాంతిచే త్రిమితి చిత్రములను చూపవలసి వచ్చినపుడు, ఆ కాంతిగుణమును చెడనీయని లోహపుపూత తెరలే మరల వలసివచ్చెను; మాట మరల నిజమయ్యెను.

ఇక మాట లేనందున గలుగు నష్టమును గమనింపవలెను. తెరపై తెలుపు భాగము చదరపు మీటరునకు 48 కాండెలాల కాంతి నీయవలెనని ప్రమాణము. దీపము పాతబడిన కొలది కాంతి తగ్గును. ప్రేక్షకుడు ‘బొమ్మ మసకగా నున్న’దనును, ఆ మసకకు కొలత కలదని యెఱుగడు. అటులనే, పూర్వము ‘బాక్సు రాలేదు’ అని ఆట నిలిచెడిది, నేడు ‘కె.డి.ఎం. రాలేదు’ అని నిలుచుచున్నది. ఇది గూఢలిపిలో నున్న చిత్రమును తెఱచు తాళపుచెవిని తెచ్చు సందేశము. నిర్ణీతయంత్రమునకు, నిర్ణీతకాలమునకు మాత్రమే పనిచేయును. ‘తాళపుచెవి’ యని చెప్పినచో ఈ సంగతి యంతయు ఒక్కమాటలో బోధపడును.

డిజిటల్ అన్నంతమాత్రమున ప్రదర్శనములన్నియు నొక్కటి కావు. డి.సి.ఐ. ప్రమాణమునకు లోబడినవానిని ‘డి-సినిమా’ యనియు, తక్కువ వ్యయముతో వేఱు కుదింపు పద్ధతుల నవలంబించువానిని ‘ఇ-సినిమా’ యనియు వ్యవహరింతురు. భారతదేశమున ఉపగ్రహము ద్వారా చిత్రములను పంపు రెండవ తెఱగు పద్ధతి వలననే అనేకములైన చిన్న ఊళ్ల ప్రదర్శనశాలలకు కొత్త చిత్రములు తొలినాడే చేరినవి. ఇది గొప్ప మేలే. అయినను రెండింటిని ఒక్కపేర పిలుచుటచే, రుసుము చెల్లించినవాడు తాను చూచిన దేదియో యడుగుటకు వీలు లేకపోవుచున్నది.

1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వ్యవసాయ వృత్తిపదకోశమును ప్రకటించినపుడు, పదములను రైతుల నోటినుండియే సేకరించినది. ప్రదర్శన వృత్తికిని అట్టి కృషి తగునని మేము తలంచుచున్నాము. రీళ్లు నడపిన చేతులే నేడు కొన్నిచోట్ల డిజిటల్ యంత్రములను నడపుచున్నవి. రెండు కాలముల మాటలును ఎఱిగిన యా వృత్తివారు ఉండగనే వారిని విచారించి పదములను కూర్చుట, ఒక్కొక్క పదము ప్రక్కన దాని కొలతను చేర్చుట కర్తవ్యము. కొలత తెలిసిన మాటయే పరిభాష యగును.