కర్త గతించినను కృతి నిలుచుట యెట్లు?

గృహము కట్టినవాడు పోయినను గృహము నిలుచును. గ్రంథకర్త మరణించినను గ్రంథము మిగులును. నృత్యమో, ఆడువారి దేహములయందే యుండును. తెర పడగానే మాయమగును. అట్లయినచో నృత్యకర్త మరణించిన పిదప అతని కృతి యెట్లు జీవించును? ఈ ప్రశ్నకు అమెరికా దేశపు రెండు ఆధునిక నృత్యసమాజములు రెండు విధములుగా ప్రత్యుత్తర మిచ్చినవి. వానిని మా చదువరులకు తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మన కూచిపూడి నాట్యము గురుశిష్య పరంపరగా వచ్చినది. ఏ యొక్కరి మరణముతోను అది యాగదు. ఆధునిక నృత్యము అట్టిది కాదు. ఒక్కొక్క కర్త తన సొంత రీతిని కల్పించి, కొందరికి నేర్పి, తన పేరిట సమాజమును నడుపును. కావున అతడు గతించినప్పుడు సమాజముయొక్క పునాదియే కదలును.

మెర్స్ కన్నింగ్‌హామ్ అను నతడు 1953లో ఒక సమాజమును స్థాపించెను. తన తరువాత సమాజము రెండేండ్లు దేశసంచారము చేసి అంతటితో ముగియవలెనని అతని జీవితకాలముననే ఏర్పాటు జరిగెను. అతడు 2009లో తన 90వ యేట మరణించెను. 2011 డిసెంబరు 31వ తేదీని న్యూయార్కు నగరమున కడపటి ప్రదర్శనము జరిగెను. అతని నృత్యముల చలనచిత్రములును, వ్రాతలును, వేషములు దీపములు మున్నగువాని వివరములును భద్రపరుపబడినవి. ఇతరులు వానినిబట్టి నేర్చి ఆడుటకు ఒక ట్రస్టు అనుమతి నిచ్చుచున్నది.

రెండవ సమాజము ఆల్విన్ ఏలీ 1958లో న్యూయార్కునందు స్థాపించినది. అతడు 1931లో టెక్సాసు రాష్ట్రమున పుట్టిన నల్లజాతివాడు. బాల్యమున తాను చూచిన దైవారాధనను తలచుకొని 1960లో 'రివిలేషన్సు' అను నృత్యమును కూర్చెను. బానిసత్వకాలమునుండి ఆ జాతి క్రైస్తవులు పాడుకొనుచు వచ్చిన భక్తిగీతములు దానికి ఆధారము. మొదట దుఃఖము, పిమ్మట రంగముపై పొడుగాటి వస్త్రములు నదివలె కదలుచుండగా బాప్తిస్మము, కడపట పసుపుపచ్చని దుస్తులు ధరించి, విసనకఱ్ఱలు చేతబూనిన స్త్రీల ఆనందారాధనము. నృత్యమనగానే మన సంఘములలో శంకించువారు కొందరు కలరు. దావీదు మందసము నెదుట నాట్యమాడిన వృత్తాంతమును వారు జ్ఞాపకము చేసికొందురు గాక.

ఏలీ 1989లో తన 58వ యేట మరణించెను. అయినను సమాజము ఆగలేదు. ఏల? అతడు తన కృతులనేగాక ఇతరుల కృతులను సహా ఆడించెను. 1969లో ఒక పాఠశాలను, 1974లో యువకుల ఉపసమాజమును నెలకొల్పెను. అతని వెనుక, 1965 మొదలు ఆ సమాజమున ఆడిన జూడిత్ జామిసన్ 2011 వరకు దానిని నడిపెను. ఆమె తరువాత రాబర్టు బాటిల్ 2023 వరకు ఆ పదవియందుండెను. 2025లో, పూర్వము ఆ సమాజముననే ఆడిన అలీషియా గ్రాఫ్ మాక్ ఆ భారమును వహించెను.

ఈ మార్గమునందును అపాయము లేకపోలేదు. ప్రేక్షకులు 'రివిలేషన్సు'నే మఱల మఱల కోరుదురు. ఆ ప్రేమ క్రొత్త కృతులను మరుగుపఱచవచ్చును. పాతదానినే ఆడుచుండిన సమాజము వస్తుప్రదర్శనశాల యగును; పాతదానిని విడిచినచో తన పేరునకే పరాయిదగును. ఈ రెండింటి నడుమ త్రోవ కనుగొనుటయే ఆ సమాజముయొక్క రాబోవు కాలపు పరీక్ష.

గౌరవముతో ముగించుటయు ఒక విధమైన విశ్వాస్యతయే. కాని బోధకులమైన మా మనస్సు రెండవ మార్గమునకే మ్రొగ్గుచున్నది. ఈ పాఠశాలను స్థాపించినవారిలో నేడు ఒక్కరును మన మధ్య లేరు. అయినను ఉదయమున గంట మ్రోగుచునే యున్నది. విద్యార్థులారా! మీరు నేర్చినదానిని మీతోనే సమాధి కానీయకుడు. చక్కగా నేర్చికొనుడు, నేర్చినదానిని మఱియొకరికి నేర్పుడు.