శిశు సంరక్షణ కేంద్రం: పసివాడికి ఎంత చోటుండాలి?

తల్లి పనిలో ఉన్నంతసేపూ బిడ్డ గడిపేది శిశు సంరక్షణ కేంద్రంలోనే. అక్కడ పాకడానికి, ఆడుకోవడానికి, నిద్రించడానికి తగిన చోటు లేకపోతే ఆ సదుపాయం పేరుకే మిగులుతుంది.

50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థలు ఈ కేంద్రాన్ని ఏర్పాటు చేయాలని 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం నిర్దేశించింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ నిబంధన ఉంది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు.

లెక్క ఇదీ..
ఒక్కో చిన్నారికి కనీసం 10 నుంచి 12 చదరపు అడుగుల స్థలం అవసరమని కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2018 నాటి మార్గదర్శకాల్లో పేర్కొంది. ఆ ప్రకారం 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవున్న గది 10 నుంచి 12 మందికే సరిపోతుంది. అందులో 24 మందిని ఉంచితే ఒక్కొక్కరికి దక్కేది 5 చదరపు అడుగులే. పసివాడు కాళ్లు చాపి పడుకోవడమూ కష్టమే. ఇరుకు గదిలో గాలి ఆడదు. ఒకరి జలుబు అందరికీ త్వరగా సోకుతుంది. ప్రమాదవేళ పిల్లలను బయటికి తరలించడమూ కష్టమవుతుంది.

బిడ్డను చేర్పించే ముందు తల్లిదండ్రులే లెక్క చూసుకోవచ్చు. గది పొడవు, వెడల్పులను గుణించి, బీరువాలు, బల్లలు ఆక్రమించిన చోటును తీసివేసి, మిగిలినదాన్ని పిల్లల సంఖ్యతో భాగిస్తే అసలు సంగతి తేలుతుంది.